పెట్రీ పళ్లెంలో నక్కవాగు

ఏటా నవంబరు 18 నుంచి 24 వరకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలుపు మేరకు, అనేక దేశాల వైద్య కళాశాలల్లో ఒకే విషయంపై ఉపన్యాసాలు, కార్యశాలలు జరుగుతాయి. రోగకారక సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా పోవడం, అందుకు కారణాలు, దానిని నెమ్మదింపజేసే మార్గాలు ఆ కార్యక్రమాల వస్తువు. 2015లో మొదలైన ఈ వారం సంగారెడ్డి జిల్లాలోని వైద్య కళాశాలలకు మిగిలినవాటికంటే దగ్గరి విషయం. 2022 నవంబరులో ప్రారంభమై వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడుస్తున్న సంగారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల గానీ, ఫసల్‌వాదిలోని ఎం.ఎన్.ఆర్. కళాశాల గానీ ఉన్నది పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం పారిశ్రామికవాడలున్న జిల్లాలోనే. యాంటీబయోటిక్ మందులకు మూలమైన ముడి ఔషధాలు, అంటే వ్యాపార భాషలో ‘బల్క్ డ్రగ్స్’ అనేవి, ఈ వాడల్లోనే తయారవుతాయి. మందులకు లొంగని బాక్టీరియా పర్యావరణంలో ఎలా పెరుగుతుందో వివరించే అంతర్జాతీయ సదస్సుల్లో పటాన్‌చెరు పేరు తెరమీదికి రాకుండా ఉండటం అరుదు. పటాన్‌చెరు రోగిని చూసే వైద్యుడికి మాత్రం ఈ విషయం వైద్యవిద్యలో భాగంగా చేరదు, ఎందుకంటే ఇలాంటి ఉపన్యాసాల పట్టికలో ఎక్కువ చోటు మందుల చీటీకి, చేతుల శుభ్రతకు, ఆసుపత్రి అంటువ్యాధుల నియంత్రణకు దక్కుతుంది, మందుల కర్మాగారాల వ్యర్థజలం పారే నాలాకు దక్కదు.

తెలుగులో ఈ ఉపన్యాసం చెప్పదలచినవారికి మొదటి చిక్కు మాటతోనే వస్తుంది. ‘రోగనిరోధక శక్తి’ అనే పదం టీకాల ప్రచారం వల్ల, కొవిడ్ కాలంలో మరీ ఎక్కువగా, ఇంటింటికీ చేరి మంచి అర్థంలో స్థిరపడిపోయింది. అందువల్ల ‘యాంటీబయోటిక్ నిరోధకత’ అన్నప్పుడు శ్రోత దానిని శరీరానికి అబ్బే బలంగానో, కనీసం శరీరానికి చెందిన గుణంగానో వింటాడు. వాడుకలో ఉన్న ‘ఒంటికి మందు అలవాటు పడింది’ అనే మాట ఈ పొరపాటును ఇంకా గట్టిపరుస్తుంది. అలవాటు పడింది ఒళ్లే అయితే, మందులు అతిగా వాడినవాడికే ఆ నష్టం పరిమితం కావాలి. నిజానికి మారేది బాక్టీరియా, శరీరం దానికి తాత్కాలిక వసతి మాత్రమే. జన్మలో ఒక్క యాంటీబయోటిక్ మాత్ర కూడా ఎరుగని పసికందుకు సైతం మందుకు లొంగని బాక్టీరియా మరొకరి నుంచో, నీటి నుంచో, ఆసుపత్రి మంచం నుంచో సోకవచ్చు. క్షయ విభాగంలో పనిచేసేవారు మందుకు లొంగని క్షయను ఎన్నాళ్లుగానో ‘మొండి టీబీ’ అంటున్నారు. మొండితనాన్ని రోగికి కాక క్రిమికి అంటగట్టిన ఆ మాట పాఠ్యపుస్తకపు ‘నిరోధకత’ కంటే విషయాన్ని తేటగా చెబుతుంది.

ఈ ప్రమాదం గురించి తొలినాళ్లలోనే వచ్చిన హెచ్చరిక కూడా ఒక ఉపన్యాసంలోనిదే కావడం గమనార్హం. 1945 డిసెంబరు 11న స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసం ఇచ్చిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, పెన్సిలిన్‌ను చాలీచాలని మోతాదులో వాడితే బాక్టీరియా చావకుండా దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటుందని హెచ్చరించి, గొంతునొప్పికి తక్కువ మందు వాడిన భర్త వల్ల భార్యకు మొండి క్రిమి సోకి ఆమె మరణించే ఊహాకథ ఒకటి చెప్పాడు. తగినంత మోతాదు ఉంటే చచ్చే జీవి, అంతకంటే తక్కువ మోతాదులో బతికి, బతికినవాటిలో తట్టుకోగలిగినవే పిల్లలు పెట్టి, వాటి సంతతే మిగులుతుందన్నది ఆ కథలోని సారాంశం. ఆ తర్వాత మూడేళ్లకు, 1948లో, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ ప్రకటితమైంది. దానిని కనుగొన్న బెంజమిన్ డుగ్గర్ పనిచేసిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంస్థలో కొద్దికాలానికే ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని మేతలో కలిపితే కోడిపిల్లలు త్వరగా పెరుగుతున్నాయని తేలడంతో, రోగం లేని జీవాలకు కూడా కొద్దికొద్దిగా యాంటీబయోటిక్ తినిపించే అలవాటు ప్రపంచమంతటా పాకింది. ఫ్లెమింగ్ భయపడిన చాలీచాలని మోతాదు గొంతునొప్పి దగ్గర ఆగలేదు.

ఉపన్యాసం చెప్పలేనిదాన్ని కార్యశాల చూపగలదు. సూక్ష్మజీవశాస్త్ర విభాగాలు నిర్వహించే కార్యశాలల్లో ప్రధానమైనది, ఒక బాక్టీరియాపై ఏ మందు పనిచేస్తుందో పరీక్షించే పద్ధతి. 1966లో బాయర్, కర్బీ, వారి సహచరులు ప్రామాణీకరించిన ఈ పద్ధతిలో, సముద్రపు నాచు నుంచి తీసే అగార్ అనే పదార్థం కలిపిన పోషకద్రవాన్ని పెట్రీ పళ్లెం అని పిలిచే గుండ్రని మూత పళ్లెంలో 4 మిల్లీమీటర్ల మందాన పోసి, జున్నులా గట్టిపడనిస్తారు. రోగి మూత్రం నుంచో రక్తం నుంచో వేరుచేసిన బాక్టీరియాను ఉప్పునీటిలో కలిపి, మిల్లీలీటరుకు దాదాపు 15 కోట్ల కణాలు ఉండేలా మడ్డితనాన్ని సరిచూసి, దూది పుల్లతో పళ్లెమంతా అలుకుతారు. దానిమీద నిర్దిష్టమైన కొలతలో మందు పీల్చుకున్న, 6 మిల్లీమీటర్ల వ్యాసం గల కాగితపు బిళ్లలను అతికించి, 35 డిగ్రీల వెచ్చదనంలో 16 నుంచి 18 గంటలు ఉంచుతారు. మందు బిళ్ల నుంచి చుట్టూ ఊరుతూ, దూరం పోయేకొద్దీ పలచబడుతూ ఉంటుంది. మందు చాలినంత ఉన్నంత మేర బాక్టీరియా మొలవదు, చాలని చోట నుంచి బూడిదరంగు పొరలా మొలుస్తుంది. ఈ రెంటికీ సరిహద్దు ఒక వృత్తంగా కనబడుతుంది. ఆ వృత్తపు వ్యాసాన్ని స్కేలుతో కొలవడమే పరీక్ష.

సిప్రోఫ్లాక్ససిన్ అనే మందునే ఉదాహరణగా తీసుకుంటే, 5 మైక్రోగ్రాముల బిళ్ల చుట్టూ ఇ. కోలై అనే పేగు బాక్టీరియాకు 26 మిల్లీమీటర్లు, అంతకు మించి ఖాళీ వృత్తం వస్తే మందు పనిచేస్తుందని, 21 గానీ అంతకు తక్కువ గానీ వస్తే పనిచేయదని సి.ఎల్.ఎస్.ఐ. అనే ప్రయోగశాల ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఇదే కొలతను ద్రవంలో పరీక్షిస్తే వచ్చేది కనీస నిరోధక గాఢత, అంటే బాక్టీరియా పెరుగుదలను ఆపడానికి లీటరు ద్రవంలో ఉండవలసిన అతి తక్కువ మందు. లొంగే ఇ. కోలైకి ఇది లీటరుకు 0.25 మిల్లీగ్రాములు దాటకూడదు, 1 మిల్లీగ్రాము చేరితే అది మొండి బాక్టీరియా కిందే లెక్క. మనిషి 500 మిల్లీగ్రాముల మాత్ర మింగినప్పుడు రక్తంలో మందు గరిష్ఠంగా లీటరుకు రెండున్నర మిల్లీగ్రాముల దాకా చేరుతుంది కాబట్టి, లొంగే క్రిమికి అది చాలినంత కంటే ఎక్కువే. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టుకుంటే గానీ పటాన్‌చెరు నీటిలో దొరికిన అంకె అర్థం కాదు.

1960లలో హైదరాబాదులోని బాలానగర్‌లో ప్రభుత్వ రంగ ఐ.డి.పి.ఎల్. కర్మాగారం వెలసి, అక్కడ పనినేర్చిన రసాయనశాస్త్రజ్ఞులు తర్వాతి దశాబ్దాల్లో సొంతంగా కంపెనీలు పెట్టుకోవడంతో, నగరానికి పడమటి, ఉత్తర దిక్కుల్లో ముడి ఔషధాల తయారీ దట్టంగా అల్లుకుంది. వాటి వ్యర్థజలాలను ఒకచోట శుద్ధి చేయడానికి 1990లలో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం ఏర్పడింది. సుమారు 90 ముడి ఔషధ తయారీ సంస్థల నీరు ట్యాంకర్లలో అక్కడికి చేరేది, శుద్ధి అయిన తర్వాత ఇసుకవాగులోకి, అక్కడ నుంచి నక్కవాగు మీదుగా మంజీరలోకి పోయేది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ఈ కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిని, అంటే శుద్ధి పూర్తయిన నీటిని, పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. అందులో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికి ఇది పది రెట్లకు పైన, ఇ. కోలైను ఆపడానికి చాలే పరిమాణానికి వంద రెట్లకు పైన. ఇంటి లెక్కలో చెప్పాలంటే, ఒక బిందె నీటిలో 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి కరిగించినట్టు. కేంద్రం రోజుకు విడిచే నీరు దాదాపు 15 లక్షల లీటర్లు కావడంతో, ఆ ఒక్క మందే రోజుకు 45 కిలోలు వాగులో కలుస్తోందని, 90 లక్షల జనాభా గల స్వీడన్ దేశం అయిదు రోజుల్లో వాడే మందుతో అది సమానమని పరిశోధకులు లెక్కగట్టారు. మాత్రల్లో చూస్తే రోజుకు 90 వేలు.

శుద్ధి చేసిన నీటిలో ఇంత మందు ఎందుకు మిగిలిందన్న ప్రశ్నకు జవాబు శుద్ధి విధానంలోనే ఉంది. మురుగునీటి శుద్ధిలో ప్రధాన దశ జీవసంబంధమైనది. గాలి ఊదుతూ తొట్టెల్లో పెంచే బాక్టీరియా నీటిలోని సేంద్రియ పదార్థాన్ని తిని, అడుగున బురదగా పేరుకుంటుంది, ఆ బురదను తిరిగి కొత్త నీటిలో కలిపి మళ్లీ పని చేయిస్తారు. రసాయన వ్యర్థజలంలో బాక్టీరియాకు తిండి సమతూకంలో ఉండదు కాబట్టి ఇళ్ల మురుగునీటిని కూడా కొంత కలుపుతారు. ఆ మురుగుతోపాటు మనుషుల పేగుల్లో ఉండే బాక్టీరియా కూడా తొట్టెలోకి చేరుతుంది. సిప్రోఫ్లాక్ససిన్ జీవవిచ్ఛేదనకు సులువుగా లొంగే అణువు కాదు, మట్టికి, బురదకు అంటుకొని చాలాకాలం నిలిచే అణువు. మనిషి పేగు బాక్టీరియా, పుష్కలమైన తిండి, ఆగకుండా అందే యాంటీబయోటిక్, పాత బురదను మళ్లీ మళ్లీ తిప్పే యంత్రం ఒకేచోట చేరితే, ఫ్లెమింగ్ కథలోని గొంతును లక్షల లీటర్ల తొట్టెగా పెంచినట్టయింది. 2013లో ప్రచురితమైన మరో అధ్యయనం ఈ కేంద్రం నుంచి 93 రకాల బాక్టీరియాను వేరుచేసి పరీక్షించగా, వాటిలో 86 శాతం 20 గానీ అంతకు మించి గానీ యాంటీబయోటిక్‌లకు లొంగనివని తేలింది.

ఇక్కడ జన్యువుల సంగతి కొంత విప్పి చెప్పుకోవాలి. బాక్టీరియా తన ప్రధాన జన్యుపదార్థానికి అదనంగా, ప్లాస్మిడ్ అనే చిన్న వలయాకార డి.ఎన్.ఎ. ముక్కలను దాచుకోగలదు, పక్కనున్న బాక్టీరియాకు, అది వేరే జాతిదైనా సరే, వాటి ప్రతిని చేరవేయగలదు. మనుషుల్లో ఆస్తి తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తే, బాక్టీరియాలో అది ఇరుగుపొరుగుకు కూడా పంపకమవుతుంది. సిప్రోఫ్లాక్ససిన్ బాక్టీరియాను చంపేది, డి.ఎన్.ఎ. మెలికలను విప్పి సరిచేసే గైరేజ్ అనే ఎంజైమును పట్టి బిగించడం ద్వారా. ‘క్యూ.ఎన్.ఆర్.’ అనే జన్యువు తయారుచేసే ప్రోటీను ఆ ఎంజైముకు కాపలాగా నిలబడి మందును దూరంగా ఉంచుతుంది. ఈ జన్యువు ప్లాస్మిడ్లపై ప్రయాణించగలదని 1998లో తెలిసింది. 2011లో క్రిస్టియాన్సన్, లార్సన్ బృందం పటాన్‌చెరు దగ్గరి వాగు అడుగున ఉన్న మట్టిలోని మొత్తం డి.ఎన్.ఎ.ను చదివి, అందులో క్యూ.ఎన్.ఆర్. సహా అనేక మొండి జన్యువులతోపాటు, జన్యువులను ఒకచోట నుంచి మరోచోటికి మోసే ప్లాస్మిడ్లు, ఇంటెగ్రాన్లు అనే సాధనాలు కూడా అసాధారణ స్థాయిలో ఉన్నాయని చూపింది. సరుకు, సరుకు మోసే బండ్లు రెండూ ఒకే రేవులో పోగుపడ్డాయన్నమాట.

నాలాను తలచుకోగానే ఈ ప్రాంతపు మొండి రోగాలన్నిటికీ కంపెనీ నీళ్లే కారణమని తీర్పు చెప్పడం సులువు. విజ్ఞానం దానికి ఒప్పుకోవడం లేదు. 2014లో రట్గర్సన్, సహచరులు ప్రచురించిన అధ్యయనంలో, కలుషితమైన వాగులకు మూడు కిలోమీటర్ల లోపు ఉన్న గ్రామాలన్నిటిలో బావి నీటిలోనూ నేలలోనూ సిప్రోఫ్లాక్ససిన్ తరహా మందుల ఆనవాళ్లు దొరికాయి. వాగు అడుగు మట్టిలో మందు ఎక్కువున్నచోట క్యూ.ఎన్.ఆర్. జన్యువు కూడా ఎక్కువగానే ఉంది. అయితే గ్రామస్థుల మల నమూనాలను పరీక్షించినప్పుడు, కలుషిత గ్రామాలవారిలో ఈ జన్యువు దూరపు గ్రామాలవారికంటే ఎక్కువగా ఉన్నట్టు తేలలేదు. పరీక్షించిన భారతీయుల నమూనాలన్నిటిలో, అంటే నూటికి నూరు శాతంలో, అది ఉంది, స్వీడన్ వారిలో 18 శాతం మందిలో ఉంది. మనిషి నుంచి మనిషికి వ్యాపించడమే ఇప్పుడు ప్రధాన మార్గమై ఉంటుందని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. నాలా కొత్త మొండి జన్యువులు పుట్టి ఏకమయ్యే చోటు కావచ్చు, కానీ ఒకసారి అవి మనుషుల్లోకి చేరాక వాటిని ఇల్లిల్లూ తిప్పేవి సరైన మరుగుదొడ్లు లేకపోవడం, కలుషితమైన తాగునీరు, అవసరం లేని యాంటీబయోటిక్‌లే. మందుల చీటీకి పెద్దపీట వేసే ఉపన్యాసకుడి వాదంలోనూ ఈ మేరకు బలం ఉంది. రెండు వాదాలూ ఒకే వేదికపై వినిపించినప్పుడే శ్రోతకు మొత్తం చిత్రం అందుతుంది.

ఈ వాగుల కథలో వైద్యుల పాత్ర కొత్తది కూడా కాదు. పటాన్‌చెరులో దశాబ్దాలపాటు వైద్యం చేసిన డాక్టర్ కిషన్ రావు కాలుష్యంపై జరిగిన పోరాటంలో ముందు వరసలో నిలిచినవారు. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన పటాన్‌చెరు కాలుష్యం కేసు న్యాయస్థానాలు మారుతూ 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ తీర్పు దాకా సాగింది. మధ్యకాలంలో శుద్ధి కేంద్రం నీటిని ఇసుకవాగులోకి వదలకుండా, 18 కిలోమీటర్ల గొట్టం ద్వారా నగర మురుగు వ్యవస్థలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు జరిగింది. మంజీర వైపు పోయే నీరు దాంతో మూసీ వైపు మళ్లింది.

చట్టం ఇంకా వెనుకబడే ఉంది. ఎంత తక్కువ మందు ఉంటే మొండి బాక్టీరియాకు అనుకూలం కాదన్న ప్రశ్నకు 2016లో బెంగ్‌ట్సన్-పామె, లార్సన్ లెక్కగట్టిన హద్దు సిప్రోఫ్లాక్ససిన్‌కు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. 2007 నాటి నమూనాలో ఉన్నది దీనికి 4.8 లక్షల రెట్లు. భారత పర్యావరణ మంత్రిత్వ శాఖ 2020 జనవరిలో విడుదల చేసిన ముసాయిదాలో 121 యాంటీబయోటిక్‌లకు వ్యర్థజలాల్లో పరిమితులు ప్రతిపాదించి, 2021లో ఖరారు చేసిన నిబంధనల్లో వాటిని తొలగించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయోటిక్‌ల తయారీ వ్యర్థాలపై తన తొలి మార్గదర్శకాలను 2024 సెప్టెంబరులో గానీ వెలువరించలేదు. నీటి నమూనాలో ఆక్సిజన్ గిరాకీ, లవణాలు, ఆమ్లత్వం కొలిచే కాలుష్య నియంత్రణ పరీక్ష, అదే నీటిలో మాత్ర కరిగి ఉందో లేదో చెప్పదు. ఆ కొలతకు ద్రవ క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే ఖరీదైన యంత్రాలు కావాలి. కందిలోని ఐ.ఐ.టి., పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్, రుద్రారంలోని గీతం విశ్వవిద్యాలయం ఒకే రహదారికి అటూ ఇటూ ఉన్న ఈ జిల్లాలో, వైద్య కళాశాల ఒంటరిగా ఉపన్యాసం చెప్పుకోవలసిన అగత్యం లేదు.

కార్యశాల బల్ల ముందు ఎవరు కూర్చుంటున్నారన్నది ఇంకొక సంగతి. సాధారణంగా అక్కడ ఉండేది పీజీ విద్యార్థులు, ల్యాబ్ టెక్నీషియన్లు, నర్సులు. ఈ ప్రాంతంలో యాంటీబయోటిక్ ఎవరి చేతుల మీదుగా కదులుతుందో చూస్తే, బస్తీలో తొలి వైద్యం చేసే ఆర్.ఎం.పి.లు, మందుల షాపులో చీటీ లేకుండా స్ట్రిప్పు కత్తిరించి మూడు మాత్రలు ఇచ్చే కుర్రవాళ్లు, కోళ్ల ఫారాల యజమానులు, శుద్ధి కేంద్రాల ఆపరేటర్లు, మందు పొడి గాలిలో తేలే గదుల్లో పనిచేసే కార్మికులు ఆ బల్ల ముందు ఉండవలసినవారు. ఆ కార్మికుల్లో చాలామంది బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవారు కావడంతో తెలుగులో చెప్పినా సగం గదికి అందదు, హిందీ కావాలి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయి, మృతుల గుర్తింపునకు డి.ఎన్.ఎ. పరీక్షలు అవసరమైనప్పుడు, పారిశ్రామిక వైద్యం ఈ జిల్లా వైద్యవిద్యలో ఎంత ప్రధానం కావలసినదో అందరికీ కనిపించింది. పేలుడు ఒక్క రోజులో కనిపిస్తుంది, మొండి బాక్టీరియా కనిపించడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి దాని వంతు వెనకబడుతూ ఉంటుంది. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియాయే నేరుగా కారణమని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా తెలిపింది. ఆ మరణాలు ఒక్కొక్కటిగా, న్యుమోనియా అనో రక్తంలో ఇన్‌ఫెక్షన్ అనో వేర్వేరు పేర్లతో నమోదైనవి.

కార్యశాలల నిర్వహణలో ఒక చిన్న ఇబ్బంది కూడా చెప్పుకోదగినదే. బాక్టీరియా మొలవడానికి 16 గంటలు కావాలి కనుక, ఉదయం పది గంటలకు మొదలై సాయంత్రం ధ్రువపత్రాలు పంచి ముగించే ఒకరోజు కార్యశాలలో ఎవరూ తాము అలికిన పళ్లెం ఫలితం చూడలేరు. ముందురోజు సిబ్బంది సిద్ధంచేసి ఉంచిన పళ్లాలను చూపించి కొలిపిస్తారు. రెండు రోజుల కార్యశాలలో మాత్రం మర్నాడు ఉదయం ఇంక్యుబేటరు తలుపు తీసి, ఎవరి పేరు రాసిన పళ్లెం వారు అందుకొని, నల్లటి గుడ్డమీద బోర్లించి, వృత్తానికి అడ్డంగా స్కేలు పెట్టి చూస్తారు. 26 వచ్చినవారి పక్కనే, అదే ఊరి రోగి నుంచి తీసిన మరో ఇ. కోలైను అలికినవారికి, బిళ్ల అంచుదాకా బూడిదరంగు పొర మొలిచి, కొలవడానికి వృత్తమే ఉండకపోవచ్చు. అప్పుడు చిట్టాలో రాసే అంకె 6, అంటే బిళ్ల వ్యాసం.